తెల్ల తీగకు ఎర్ర తీగ కలపొచ్చా? (సందేహాలు - సమాధానాలు)

ప్రశ్న: మా ఇల్లు మామగారు 1978లో కట్టించారు. మొన్న ఫ్యాను బిగించడానికి వచ్చిన కుర్రాడు సీలింగ్ రోజ్ విప్పి చూసి, 'అమ్మో, ఇల్లంతా అల్యూమినియం వైరే, ఎప్పుడైనా అంటుకోవచ్చు' అనేసి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. అర్ధరాత్రి లేచి గోడలు తడిమి చూస్తున్నాను.
- ఒక గృహిణి, నరసరావుపేట

జవాబు: ముందు కంటినిండా నిద్రపోండమ్మా. అల్యూమినియం తీగ ఉన్నంత మాత్రాన ఇల్లు అంటుకోదు. మీ ఊరి మిరప చేల మీదుగా పోయే పెద్ద కరెంటు లైన్లన్నీ ఆ లోహంతో చేసినవే. 1960లలో రాగి దిగుమతికి విదేశీ డబ్బు కరువై, మన దేశంలో ఇళ్ళ వైరింగు చాలావరకు అల్యూమినియానికి మళ్ళింది. మీ పక్కన వినుకొండ దగ్గరి అగ్నిగుండాల కొండల్లో రాగి ఖనిజం ఉన్నా, మన గోడల్లోకి మాత్రం తెల్లటి అల్యూమినియం తీగే వచ్చింది.

గోడలో కదలకుండా ఉన్న తీగ సాధారణంగా చెడదు. దాన్ని స్క్రూ కింద బిగించిన చోటు, ఇంకో తీగతో కలిపిన చోటు చెడతాయి. కాబట్టి గోడలు తడమడం మానేసి, పగటిపూట స్విచ్ బోర్డుల ప్లేట్లను పొడి చేతి వెనక వైపుతో ఒకసారి తాకి చూడండి. ఫ్రిజ్ మొదలైన క్షణంలో లైటు కాస్త తగ్గి మళ్ళీ సర్దుకోవడం మామూలే. పాతకాలపు డబ్బా రెగ్యులేటర్ గోరువెచ్చగా ఉండటమూ అంతే. ప్లేటు కాలడం, ప్లగ్గు రంధ్రాల చుట్టూ పసుపు, గోధుమ రంగు తిరగడం, చిటచిట చప్పుడు, ఒక్క గదిలోనే లైటు పదే పదే మిణుకుమనడం, వీటిలో ఏది కనిపించినా ఆ గది లైను ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ప్రశ్న: పిల్లల పరీక్షలని ఎండలు ముదరకముందే ఏసీ పెట్టించాం. కొత్త రాగి వైరును పాత అల్యూమినియం వైరుకు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. కొన్నాళ్ళకే టేపు కరిగి కిందికి జారింది. ఫొటో పంపుతున్నాను. మళ్ళీ టేపు చుడితే సరిపోతుందంటున్నారు. సరిపోతుందా?
- ఒక తల్లి, చిలకలూరిపేట

జవాబు: సరిపోదమ్మా. అయినా కంగారు పడకండి, జాయింటు మంట దాకా పోకముందే మీ కంట పడింది. ఆ ఏసీ లైను ఎంసీబీని (కరెంటు ఎక్కువ పారితే దానంతటదే పడిపోయే స్విచ్‌ని) ఇప్పుడే దింపేసి, జాయింటు సరిచేసేదాకా దింపే ఉంచండి.

మీ ఫొటోలో సంగతంతా కనిపిస్తోంది. మెలిక దగ్గర తెల్ల తీగ మీద సున్నం చల్లినట్టు పొడి ఉంది, రాగి తీగ నల్లబడింది. టేపు జిగురు పాకంలా కారి, దానికి జిన్నింగ్ మిల్లు నుంచి ఎగిరొచ్చిన పత్తి నూగు అతుక్కుంది. ఆ నూగు నాకు టేపు కంటే ఎక్కువ ఆందోళన కలిగించింది. నిప్పురవ్వ పడితే ముందు అంటుకునేది అదే.

ఇలా ఎందుకవుతుందో చెబుతాను. అల్యూమినియాన్ని గీకి మెరిపించినా, గాలి తగిలిన క్షణాల్లోనే దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొరలోంచి కరెంటు సరిగా పారదు. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది గానీ, ఆ పొర కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి, కాబట్టి వేడెక్కితే పొర దానంతటదే పోతుందని అనుకోవద్దు. రెండోది వ్యాకోచం. వేడికి అల్యూమినియం రాగి కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ సాగుతుంది. ఏసీ నడిచినప్పుడల్లా సాగడం, ఆపినప్పుడల్లా ముడుచుకోవడం. పైగా అది మెత్తని లోహం, పచ్చి మట్టిని బొటనవేలితో నొక్కినట్టు ఒత్తిడి కింద మెల్లగా పక్కకు జారుతుంది. అలా మెలిక వదులవుతుంది, వదులైన చోట నిరోధం పెరుగుతుంది, దాంతో వేడి, ఆ వేడికి ఇంకా వదులు. మూడోది తేమ. రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకుతూ ఉంటే అల్యూమినియం తినేయబడుతుంది, గాల్వానిక్ కరోజన్ అనేది దీన్నే. టేపు వీటిలో దేన్నీ ఆపలేదు, జరిగేది కనబడకుండా కప్పిపెడుతుంది, అంతే.

మీ ఇంటికి నా సలహా ఒక్కటే. ఏసీకి మెయిన్ బోర్డు నుంచి నేరుగా కొత్త రాగి లైను, దానికి సొంత ఎంసీబీ పెట్టించండి. పాత తీగతో దానికి సంబంధమే ఉండకూడదు. ఆ లైను పడేదాకా పిల్లలకు ఫ్యానే దిక్కు.

ప్రశ్న: పాత కిట్‌క్యాట్ ఫ్యూజులు తీసేసి మొత్తం ఎంసీబీలు పెట్టించాను. జాయింటు వేడెక్కితే అవే పడిపోతాయి కదా, ఇక భయం లేనట్టేనా?
- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

జవాబు: ఎంసీబీలు పెట్టించి మంచి పని చేశారు మాస్టారూ. కానీ వదులు జాయింటు వాటి కంటికి ఆనదు. ఎంసీబీ పడిపోవాలంటే కరెంటు ఎక్కువ పారాలి, వదులు జాయింటులో కరెంటు పెరగదు, వీలైతే కాస్త తగ్గుతుంది. మీరు లెక్కల మాస్టారైతే ఈ లెక్క చూడండి. జాయింటులో అర ఓమ్ నిరోధం ఉండి 10 ఆంపియర్లు పారితే, పదిని పదితో గుణించి సగం చేయాలి, 50 వాట్లు. రేడియో రిపేరు షాపులో ఈయం కరిగించే చిన్న సోల్డరింగ్ కడ్డీ 25 వాట్లే. అంతకు రెట్టింపు వేడి మీ గోడ పెట్టెలో పుడుతున్నా ఎంసీబీకి తెలియదు. మనిషికి షాక్ తగిలితే కాపాడే ఆర్సీసీబీకీ తెలియదు, అది భూమిలోకి పోయే కరెంటునే గమనిస్తుంది. అందుకే రెండూ ఉన్నా జాయింట్లను ఒకసారి తెరిపించి చూపించండి.

ప్రశ్న: మా తాతగారి ఇంట్లో చెక్క బద్దల మీద పోయిన వైరింగు ఉంది. లోపలి తీగ తెల్లగా ఉంది. అల్యూమినియమేనా? అందరూ తెల్లగా ఉంటే అదేనంటున్నారు.
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తొందరపడకండి, అది రాగి కూడా కావచ్చు. పాతకాలపు రబ్బరు తొడుగు వైర్లలో రబ్బరులోని గంధకం రాగిని తినకుండా తీగకు తగరం పూత పూసేవారు, అందుకే పైకి తెల్లగా కనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి, టెస్టర్‌తో చూపించి, తీగ కొసను బ్లేడుతో కొద్దిగా గీకించండి. కింద ఎర్రగా కనిపిస్తే రాగి, లోపల కూడా తెల్లగా ఉండి గోటితో వంగేంత మెత్తగా ఉంటే అల్యూమినియం. కానీ మీకు ఒక మాట చెప్పాలి. ఆ రబ్బరు తొడుగు ఎండిపోయి ముట్టుకుంటే పెళుసుగా రాలుతుంటే, లోపల ఏ లోహం ఉన్నా ఆ వైరింగు మార్చాల్సిందే.

ప్రశ్న: ఈ ఏడు మిర్చి రేటు పడిపోయింది. ఇల్లంతా రీవైరింగు చేయించే స్తోమత లేదు. సగం సగం చేస్తే ప్రమాదమా?
- ఒక రైతు, ప్రత్తిపాడు

జవాబు: సగం చేసినా తప్పు లేదు, ఏ సగమన్నదే ముఖ్యం. వేడి ఎక్కువ పుట్టేది ఎక్కువ కరెంటు లాగే చోటే. అందుకని గీజరు, ఏసీ, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు, నీళ్ళ మోటారు, మిక్సీ, ఫ్రిజ్ ఉండే వంటగది, వీటికి మాత్రం ఈ ఏడాది మెయిన్ నుంచి కొత్త రాగి లైన్లు వేయించండి. ఫ్యాన్లు, లైట్ల లైన్లు పాత అల్యూమినియంతోనే మరికొన్నేళ్ళు నడవనివ్వండి, ఇప్పటి ఎల్ఈడీ బల్బులు లాగే కరెంటు చాలా తక్కువ. ఆ లైన్లలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు ఉంటే మాత్రం విప్పించి సరైన కనెక్టర్లు పెట్టించండి, ఆ ఖర్చు రీవైరింగులో చిన్న భాగమే. యార్డులో రేటు లేచిన ఏడాది మిగతాది చూసుకోవచ్చు.

ప్రశ్న: సార్, నేను ఐటీఐ చేసి ఊళ్ళో వైరింగు పనులు చేస్తున్నాను. పాత ఇళ్ళలో రెండు లోహాలూ కలపక తప్పడం లేదు. మా మేస్త్రి మెలిపెట్టి ఈయం పెట్టమంటారు. సరైన పద్ధతి చెప్పండి.
- ఒక యువకుడు, అద్దంకి

జవాబు: అడిగినందుకు సంతోషం బాబూ, ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ. అల్యూమినియానికి మామూలు ఈయం అతకదు, ఆ ఆక్సైడ్ పొర పట్టుకోనివ్వదు. ఆ పద్ధతి వదిలెయ్యి.

మన సూత్రం రెండు లోహాలను ఒకదానికొకటి తాకనివ్వకపోవడం. సన్న తీగలకు, ఒక్కో తీగకు విడి రంధ్రం, విడి స్క్రూ ఉండి, లోపల తగరం పూసిన ఇత్తడి ఉన్న కనెక్టర్ వాడు. దాని మీద గానీ పెట్టె మీద గానీ అల్యూమినియం, రాగి రెండింటికీ పనికొస్తుందని రాసి ఉండాలి, లేకపోతే కొనకు. ఒకే రంధ్రంలో రెండు తీగలూ దూర్చకు. లావు కేబుళ్ళకు ఒక వైపు అల్యూమినియం, మరో వైపు రాగి ఉండే బైమెటాలిక్ లగ్గులు దొరుకుతాయి, వాటిని సరైన డై ఉన్న క్రింపింగ్ పనిముట్టుతోనే నొక్కాలి, కటింగ్ ప్లేయరుతో కాదు.

తొడుగు తీసేటప్పుడు తీగ మీద గాటు పడకూడదు, అల్యూమినియం గాటు దగ్గర రెండు మూడు వంపులకే తెగిపోతుంది. గాటు పడితే ఆ ముక్క కోసేసి మళ్ళీ మొదలుపెట్టు. జాయింట్ పేస్టు రాసి, ఆ పేస్టు కిందనే చిన్న బ్రష్షుతో తీగను రుద్ది, తుడవకుండా వెంటనే కనెక్టర్లో పెట్టు. అప్పుడు కొత్త ఆక్సైడ్ పొర కట్టడానికి గాలి అందదు. స్క్రూ గట్టిగా ఉండాలి గానీ బలం చూపించకు, నలిగితే తీగ పల్చబడుతుంది. పని అయ్యాక కనెక్టర్‌ను మూత ఉన్న పెట్టెలోనే ఉంచు, ప్లాస్టరు చేసి గోడలో పూడ్చేయకు, రేపు చూడాల్సి వస్తే దారి ఉండాలి.

ఇంకోటి, సైజు. అల్యూమినియం వాహకత రాగిలో సుమారు 61 శాతమే. 2.5 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ దాదాపు 1.5 రాగి తీగతో సమానం. మీ మేస్త్రి కాలపు 1/1.40, 1/1.80 తీగలు చదరపు మిల్లీమీటర్లలో సుమారు 1.5, 2.5 సైజులు. రెండూ కలిసిన లైనుకు ఎంసీబీని బలహీనమైన తీగను చూసి పెట్టాలి, కొత్తగా వేసిన రాగిని చూసి కాదు. ఈ తప్పు చాలా ఇళ్ళలో కనిపిస్తుంది.

ప్రశ్న: సముద్రం దగ్గర ఇల్లు. బయటి లైటు డబ్బా మూత తీస్తే జాయింటు దగ్గర తెల్లపొడి, పచ్చ చిలుము. ఇది ఉప్పు గాలి వల్లేనా? ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, వేటపాలెం

జవాబు: అవునమ్మా, ఉప్పు గాలికి అది మామూలే, కానీ అలాగే వదిలేయదగ్గది కాదు. తెల్లపొడి అల్యూమినియం తినేయబడిన గుర్తు, పచ్చ చిలుము రాగిది. రెండూ ఒకే చోట ఉన్నాయంటే లోపలికి తడి వెళ్తోంది. ఆరుబయట లైటుకు పాత తీగ పూర్తిగా తీయించి, రాగి తీగ వేసి, రబ్బరు అంచు ఉన్న తడి చొరని డబ్బా పెట్టించండి. వాన పడ్డ రోజు ఆ గోడ తాకినప్పుడు సన్నగా జివ్వుమంటే మాత్రం ఆగకండి, మెయిన్ దించేసి అప్పుడే పిలవండి.

ప్రశ్న: గాలి వీస్తే ఇంట్లో లైట్లు ఎక్కువ తక్కువ అవుతాయి. ఒక గదిలో బాగా ఎక్కువ, ఇంకో గదిలో మసక. స్తంభం ఎక్కి సరిచేస్తానని ఊళ్ళో ఒకాయన అంటున్నాడు.
- ఒక పాఠకుడు, పర్చూరు

జవాబు: ఆయన్ను ఎక్కనివ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది. ఒక గదిలో ఎక్కువ, ఇంకో గదిలో తక్కువ అంటే మీది త్రీ ఫేజు సర్వీసు అయ్యుంటుంది, న్యూట్రల్ వదులైనట్టుంది. ఇలాంటప్పుడు టీవీ, ఫ్రిజ్ కాలిపోతాయి, కాబట్టి ముందు మెయిన్ దించండి. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న సర్వీసు వైరు సాధారణంగా అల్యూమినియమే. దాని జాయింటు చూడాల్సింది కరెంటు శాఖ వాళ్ళు, మీ గుంటూరు, బాపట్ల, పల్నాడు, ప్రకాశం ప్రాంతానికి ఏపీసీపీడీసీఎల్. 1912కు ఫోన్ చేసి 'న్యూట్రల్ పోయింది' అని స్పష్టంగా చెప్పండి. మీటరు సీలు మీరు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోవద్దు.

ప్రశ్న: బోరు మోటారు 5 హెచ్‌పీ. స్టార్టరు నుంచి అల్యూమినియం కేబులు వస్తుంది, బోరు మూతి దగ్గర రాగి ఫ్లాట్ కేబులుకు కలిపి టేపు చుట్టాం. ఏడాదిలో రెండుసార్లు అక్కడే కాలింది. మిరప తోటకు తడి ఆగిపోతోంది.
- ఒక రైతు, దర్శి

జవాబు: పైరు ఎండే వేళ ఇది ఎంత బాధో తెలుసు. ఆ జాయింటు రోజూ గంటల తరబడి నిండు లోడు మోస్తుంది, పగలు ఎండ, తెల్లవారుజామున మంచు, టేపు తట్టుకోలేదు. బోరు మూతి దగ్గర నేలకు ఎత్తులో వాన చొరని పెట్టె పెట్టించి, మూడు ఫేజులకూ బైమెటాలిక్ లగ్గులు నొక్కించి, బోల్టులతో కలిపించండి. మూడింటిలో ఒక్కటి కాలినా మోటారు రెండు ఫేజుల మీద మూలుగుతూ వైండింగు కాల్చుకుంటుంది. కాబట్టి స్టార్టరులో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ ఉందో లేదో చూపించండి, ఉన్నా దాన్ని బైపాస్ చేసి ఉంటే మళ్ళీ కలిపించండి. ఆ బైపాస్ ఎవరు చేశారని నేను అడగను, చాలా స్టార్టర్లలో అదే పరిస్థితి.

ప్రశ్న: రేటు వచ్చేదాకా పత్తిని ముందు గదిలో పోసుకున్నాం. గది నిండా బోర్డుల ఎత్తుకు వచ్చింది. అది పాత వైరింగే. ఏమైనా అవుతుందా?
- ఒక రైతు కుటుంబం, పెదనందిపాడు

జవాబు: ఈ పేజీకి వచ్చిన ఉత్తరాల్లో ఇవాళే పని చేయమని నేను అందరికంటే గట్టిగా కోరేది మిమ్మల్నే. భయపెట్టడానికి కాదు, దీన్ని సరిచేయడం చాలా తేలిక కాబట్టి. ఆ గది లైను మెయిన్ దగ్గరే ఆపేయండి, ఎంసీబీ దించి దాని మీద కాగితం అంటించండి, చేతి టార్చితో పని నడుపుకోండి. పత్తిని బోర్డు నుంచీ, పైకప్పు జంక్షన్ పెట్టెల నుంచీ ఒక మనిషి నడిచేంత దూరం జరపండి. వైరు మంచిదైనా పత్తి కుప్ప పక్కన వేడెక్కే జాయింటు ఉండటం మంచిది కాదు, పాతదైతే అసలు వద్దు. ఎండుమిర్చి టిక్కీలు బోర్డుకు ఆనించి పేర్చే ఇళ్ళకూ ఇదే జవాబు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఇల్లు కొనబోతున్నాడు. 1970లో కట్టినది, అల్యూమినియం వైరింగు అని తనిఖీలో తేలింది. అక్కడ అలాంటి ఇళ్ళకు 55 రెట్లు నిప్పు ప్రమాదం అని చదివాడట. కొనవద్దనాలా?
- ఒక తండ్రి, గుంటూరు బ్రాడీపేట

జవాబు: ఆ అంకె నిజమే గానీ, దాని అర్థం అది కాదండీ. అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ సీపీఎస్సీ చేయించిన సర్వే చెప్పింది వేరు. 1972కు ముందు తయారైన అల్యూమినియం తీగ ఉన్న ఇళ్ళలో, ప్లగ్ పాయింట్ల దగ్గర ఒకటో అంతకంటే ఎక్కువో జాయింట్లు ప్రమాదకరమైన వేడికి చేరే అవకాశం రాగి ఇళ్ళ కంటే 55 రెట్లు అని. ఇల్లు కాలడం 55 రెట్లు అని కాదు. అక్కడ 1965 నుంచి 1973 దాకా రాగి ధర పెరిగిన కాలంలో అలాంటి ఇళ్ళు చాలా కట్టారు. ప్రతి పాయింటు దగ్గర రాగి ముక్క కలిపే కోపాలమ్, అల్యూమికాన్ అనే పద్ధతులు ఆ సంస్థ సూచించినవే, అక్కడి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించాలి. ఆ ఖర్చు ఇంటి ధరలోంచి తగ్గించమని అబ్బాయిని బేరమాడమనండి, తగ్గిస్తే కొనుక్కోవచ్చు.

ప్రశ్న: నేను ఒక్కదాన్నే ఉంటాను. రాత్రి కాలిన వాసన వస్తే ఎవర్ని పిలవాలి, ఏం చేయాలి? చెప్పేవాళ్ళు లేరు.
- ఒక పెద్దావిడ, రేపల్లె

జవాబు: చెప్పడానికి నేనున్నానమ్మా, విప్పి చూడాల్సిన పనేమీ మీకు లేదు. వైరింగు వేడెక్కితే ప్లాస్టిక్ కాలినట్టు గానీ, ఒక్కోసారి కుళ్ళిన చేప వాసనలా గానీ వస్తుంది. వచ్చిన వెంటనే మెయిన్ దించండి, ఏ బోర్డులోంచి వస్తుందో వెతుకుతూ స్విచ్‌లు వేసి ఆపి చూడకండి. మెయిన్ దించాక వాసన తగ్గిపోతే తెల్లారేదాకా అలాగే ఉంచి, ఉదయం ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. పొగ గానీ మంట గానీ కనిపిస్తే నీళ్ళు పోయకండి, బయటికి వచ్చేసి 101కి ఫోన్ చేయండి. మీటరు వైపు మంట ఉంటే మెయిన్ దించినా అక్కడ కరెంటు ఉంటుంది, దాని దగ్గరికి పోకుండా 1912కు కూడా చెప్పండి. మీ మెయిన్ స్విచ్ ఎక్కడుందో, ఏ వైపు దించాలో ఈ రోజే పగటి వెలుతురులో చూసుకుని, పక్కింటి వాళ్ళకూ చూపించి పెట్టండి.